మజ్జిగలో నేలుసిరి ఆకు

శ్రీవారికి వాసవాంబ నమస్కారాలు. గుడియాత్తంలో అందరం బాగున్నాం, నా కాలేయం తప్ప. సేలం అంగట్లో మీరూ మరిదిగారూ కులాసా అని తలుస్తాను. ఫోను చెయ్యమన్నారు, చెయ్యను. ఫోనులో మీరు నన్ను సగం మాట కూడా చెప్పనివ్వరు.

"మనమేమన్నా ఎలుకలమా, వేలూరులో మందుల పరీక్షకు కూర్చోడానికి?" అని పోయిన ఉత్తరంలో అడిగారు. కాలేయంలో పిత్తం పారే సన్న గొట్టాలు మూసుకుపోయే జబ్బు నాది. పాత మాత్ర ఒక్కటే చాలడం లేదు. ఇంకోటి తోడు చేస్తే పనిచేస్తుందేమోనని చూస్తున్నారు. ఆ రెండోది అసలు మందో, ఉత్త పిండి బిళ్ళో నాకూ తెలియదు, డాక్టరు బాలచంద్రన్‌గారికీ తెలియదు. పిండి బిళ్ళయితే ఏం చేస్తావంటారా? మింగుతాను. అరికాళ్ళు నెత్తురొచ్చేదాకా గోక్కునేది మీరు కాదు.

పోయిన నెల రక్తపరీక్షలో కాలేయం అంకె బాగా తగ్గింది, దురదా తగ్గింది. ఇంటికొచ్చి చెబితే మీ అమ్మ ముసిముసిగా నవ్వింది.

"తగ్గక ఏం చేస్తాది? దినమూ నీ మజ్జిగలో నేలుసిరి ఆకు నూరి కలపతా ఉండాను గదా."

నాకు ఒళ్ళు మండింది. కరివేపాకు అనుకుని తాగాను. కాస్త చేదు తగిలితే మందుల నోరేమో అనుకున్నాను. వేరే ఏ పసరూ తాగకూడదని డాక్టరు మొదటిరోజే చెప్పారు. తగ్గించింది మాత్రా, ఆకా, ఇక ఎవరు చెప్పగలరు?

"డాక్టరుకు చెప్పొద్దు మే, నిన్ను పరీక్షలోంచి తీసేస్తారు. ఎట్ల తగ్గితే ఏమి?" అని అత్తమ్మ బతిమాలింది.

ఇంతసేపూ దాచిన సంగతి ఇది. మీతో ఒక్క మాటైనా అనకుండా వెళ్ళి డాక్టరుకు చెప్పేశాను. ఆసుపత్రిలో నా పక్కన కూర్చునే అణైకట్ ఊరి కాళియమ్మది కూడా నా జబ్బే. నా దొంగ అంకెను నమ్మి రేపు ఆమెకు మందు రాస్తే? ఆ పాపం నాకొద్దు. ఆకు మాన్పించారు, దురద మళ్ళీ మొదలైంది. సోమవారం రక్తం చూసి, ఉంచేదీ తీసేసేదీ చెబుతారట. తీసేస్తే ఆ రెండో మాత్ర నాకిక దొరకదు. భయంగానే ఉంది. అయినా చెప్పినందుకు బాధ లేదు.

అత్తమ్మ ఊరుకుంటుందా? నిన్న పెరట్లో ఆకు కోసి తడిగుడ్డలో చుట్టింది.

"నేనూ వస్తా. నా ఆకునూ పరీక్ష పెట్టమంటా. ఒకరికి ఆకు, ఒకరికి పిండి బిళ్ళ. నాకేమన్నా భయమా?"

మీరు వద్దన్నా సోమవారం ఇద్దరం వేలూరు బస్సెక్కుతున్నాం.

ఇట్లు,
ఎలుక కాని మీ భార్య,
వాసవాంబ