ఎర్రమట్టి దాచిన పులుపు

జూలై 14, ఆదివారం

ముద్దుల మరదలికి వదిన దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా. నీ కులాసా సంగతి నువ్వే రాయాలి. ఇల్లు విడిచి వెళ్లాక ఒక్క ముక్కైనా రాశావా, మొండిఘటమా? మీ అన్నయ్య నీ గదిలో బట్టలు ఆరేస్తున్నాడు. వద్దంటే వినడు. నీ సైకిలుకి మాత్రం గాలి కొట్టి పెడుతున్నాడు.

అసలు సంగతి నీ ఎర్రమట్టి గురించి. నా భుజం మీదుగా మీ అన్నయ్య కూడా చదువుతున్నాడు, మన ల్యాబ్ గొడవ తనకి అర్థం కాదు కాబట్టి విడమరిచి రాస్తాను, విసుక్కోకు. మొక్కల వేళ్లు నేలలోకి వదిలే ఆమ్లాలను మట్టి ఎంత పట్టుకుంటుందో, ఎంత వదులుతుందో చూడాలని, నిమ్మకాయలో ఉండే ఆమ్లాన్ని నువ్వు ఎర్రమట్టిలో కలిపి సీసాల్లో పెట్టావు. సూక్ష్మజీవులను చంపే మందు వేయడం మర్చిపోయావు. తర్వాత నీళ్లతో కడిగితే ఆమ్లం చుక్కైనా బయటికి రాలేదు. అంతా సూక్ష్మజీవులు తినేశాయని, నెలల పని బూడిదలో పోసిన పన్నీరైందని మీ నాన్నగారు అందరి ముందూ కేకలేశారు. ల్యాబ్‌కి ఆయనే పెద్ద. కూతుర్ని వెనకేసుకొచ్చారని ఎవరూ అనకూడదని రెండు ఎక్కువే తిట్టారు. నువ్వు కోటు విప్పి బల్ల మీద పెట్టి వెళ్లిపోయావు. ఇప్పుడేదో రంగుల కంపెనీలో చేస్తున్నావట.

ఇక్కడి నుంచి కూర్చుని చదువు. ఆ మట్టిని పారేయలేదు. మొన్న దాని మీద ఫాస్ఫేటు నీళ్లు పోశాను. మట్టిలోని ఇనుము ఆమ్లాన్ని పట్టుకుని ఉంటే, ఫాస్ఫేటు వచ్చి దాన్ని నెట్టి ఆ చోట కూర్చుంటుంది కదా. ఆమ్లం వచ్చింది తల్లీ, నువ్వు వేసినదాంట్లో దాదాపు అంతా. సూక్ష్మజీవులు పక్కనే బతికుండి కూడా దాన్ని ముట్టుకోలేకపోయాయి. ఇనుము లేని ఇసుకమట్టిలో ఇలాగే చేస్తే అంతా తినేశాయి, ఏమీ మిగల్లేదు. నువ్వు ఆ మందు వేసి ఉంటే ఈ సంగతి మనకి తెలిసేదే కాదు. నీ మతిమరుపుకి దండం పెట్టాలి. నాకైతే ఏడుపొచ్చింది.

ఇది నువ్వే వచ్చి పూర్తి చేయాలి. నెలాఖరు దాటితే ఈ పని ఇంకొకరికి వెళ్లిపోతుంది, అది నేను చూడలేను. మీ నాన్నగారితో మాట్లాడనంటే మానెయ్, నా పక్కన కూర్చుని పని చేసుకో.

నీ మీద బెంగ పెట్టుకున్న
వదిన

తా.క.: పైన ‘పోశాను’ అని రాశానే, అది అబద్ధం. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, నాకా విద్య రాదు. పోసింది మీ నాన్నగారు. నువ్వు వెళ్లిన రోజే ఆ సీసాలు తన గదిలో పెట్టుకుని ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఫలితం రెండుసార్లు సరిచూసుకున్నారు. తర్వాత అందర్నీ పిలిచి, పిల్ల పని సరిగ్గానే ఉంది, తొందరపడింది నేనేనని చెప్పారు. ఆ మాట ఆయన్నే నీకు రాయమన్నాను. ఏ మొహం పెట్టుకుని రాయను, నువ్వే రాయమ్మా, నా పేరు మాత్రం ఎత్తకు, ఎత్తితే పిల్ల రాదు అన్నారు. నాకేమో, ఎత్తితేనే వస్తావనిపించింది.