కుంకుడు నీళ్లు, ఆయన చేతులు

మంగళవారం, కోరుట్ల

కుంకుడుకాయలు, నిమ్మతొక్కలు ఉడకబెట్టి బండలు తుడిచే నీళ్లు చేశాను. సాయంత్రం మస్కట్ నుంచి మా ఆయన వీడియో కాల్ చేస్తే, మురిసిపోతూ సీసా చూపించాను.

"గీ నీళ్లతోని బాత్రూం మరకలు పోవు. వాటికి యాసిడ్ పోసి, పది నిమిషాలు ఆగి, వైరు బ్రష్‌తోని తోమాలె," అన్నాడు.

ఇంట్లో ఒక్కనాడూ చీపురు పట్టని మనిషి. అక్కడ కారు డ్రైవర్‌నని రెండేళ్లుగా చెబుతున్న మనిషి. ఈమధ్య ఫోన్ గోడకు ఆనించి, ముఖమొక్కటే కనబడేలా కూర్చుంటున్నాడు.

"నీ చేతులు చూపియ్యి," అన్నాను.

"సిగ్నల్ వస్తలేదు," అని కట్ చేశాడు. మాట స్పష్టంగానే వినబడింది.

అబద్ధమాడినందుకు కోపంగానే ఉంది. కానీ ఈ కుంకుడు నీళ్లకు చేతులు పొక్కవని చెబుదామంటే, ఫోన్ ఎత్తడం లేదు.