క్లచ్ లేని కారు, నీ షెడ్డు తాళం

మస్తానూ,

ఈ ఉదయం పదింటికి నరసరావుపేటలో నీ మెకానిక్ షెడ్డు ముందుకు క్లచ్ లేని కారు వచ్చింది. సత్తెనపల్లి పొగాకు వ్యాపారి కొన్న, గేర్లు తనే మార్చుకునే అమెరికా బండి. దారిలో బ్యాటరీ చచ్చిపోతే ఎద్దులు కట్టి లాక్కొచ్చారు.

అలాంటి కార్లున్నాయని నేను పేపర్లో రాసినప్పుడు, "పేపరోళ్ళు ఏదైనా రాస్తారు. అది మనూరొస్తే నా షెడ్డుకు నువ్వే తాళమెయ్యి" అని టీకొట్టులో అందరి ముందూ అన్నావు. నువ్వు పోయి రేపటికి ఏడాది.

మీ అబ్బాయి కరీం నువ్వు నేర్పిందే చేశాడు. పదిమందితో రైలు గేటు దాకా తోయించాడు. ఇంజను కనీసం దగ్గలేదు.

"ఏంది కరీమూ, గుంటూరు దాకా తోద్దామా?" అన్నాడు టీకొట్టు ఏసోబు.

కారు పుస్తకం సీటు కిందే ఉంది. అప్పుడు తీసి, తోస్తే ఇది స్టార్టవదని ఉంటే నేను చదివి చెప్పాను. కరీం తల పట్టుకున్నాడు.

"మన బండ్లల్లో క్లచ్చి ఇంజను ఫ్లైవీలును పట్టుకుంటది, రోడ్డు మీద చక్రం తిరిగితే ఇంజనూ తిరుగుద్ది. దీంట్లో మధ్యన ఉండేది నూనె బాబాయ్! చానా తోశాం, దండగ."

ఏసోబు నీ పందెం గుర్తుచేశాడు. కరీం లోపలికెళ్ళి తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నాన్న మాట మాటే. కానీ షెడ్డు మూస్తే మేం తినేదెట్టా బాబాయ్?"

"ఎంతసేపు మూయాలో మీ నాన్న చెప్పలేదురా" అన్నాను.

రేపు ఎనిమిదింటికి తాళం వేస్తాను. తొమ్మిదింటికి గుంటూరు బస్సులో కొత్త బ్యాటరీ వస్తుంది. అప్పుడు తీస్తాను.