మీది పాతబడింది, మార్చుకోండి

పాల్మాకుల

ఫణి బాబుకు, లాడ్జి యేసుమణి వందనాలు.

నువ్వు ఫోన్ ఎత్తవు. ఏదైనా రాసి పంపమంటారు మీ ఆఫీసువాళ్లు. రాస్తున్నాను. నువ్వు మా లాడ్జికి చేసిన వెబ్‌సైటులో గది బుక్ చేసుకునే బటన్ కొందరి ఫోన్లలో రావడం లేదు. విమానం దిగినవాళ్లు మా గదుల ఫొటోలు చూసి ఆనందించి, ఎదురు లాడ్జికి పోతున్నారు. బాగుచేయి.

యేసుమణి

తా.క. నా ఫొటో మాత్రం అన్ని ఫోన్లలోనూ వస్తోంది. నేను అద్దెకిచ్చేది గదులు.

మాదాపూర్

యేసుమణి గారికి నమస్కారం.

లోపం మీ అతిథులది. వెబ్‌సైట్లు తెరిచే యాప్‌ను బ్రౌజర్ అంటారు. పదిమందిలో ఏడుగురు వాడే బ్రౌజర్‌లో మీ సైటు దివ్యంగా ఉంది. ఒకప్పుడు జనమంతా ఇంకో బ్రౌజర్ వెంటపడ్డారు. ఇవాళ దాని పేరెత్తే నాథుడు లేడు. జనం మారినప్పుడల్లా చెరిపి రాయడానికి మేం పలక పట్టిన పిల్లలమా? అయినా మీ మొహం చూసి, మిగతా ముగ్గురికీ ఒక సూచన పెట్టాను.

భవదీయుడు,
ఫణి

తా.క. పొట్టిగా ఉండాలని అందులో ‘బ్రౌజర్’ అన్న మాట తీసేశాను.

పాల్మాకుల

ఫణి బాబుకు,

‘మీది పాతబడింది. కొత్తది తెచ్చుకుని రండి.’ ఇదీ నీ సూచన. తెల్లవారుజాము విమానానికి భార్యతో వచ్చిన నల్గొండ ఉపేందర్, మా గుమ్మంలోనే గది రేట్లు చూద్దామని ఫోన్ తెరిచి, ఆ సూచన గట్టిగా చదివాడు. భార్య ఫోన్ లాక్కుని నన్నే అడిగింది: “ఏందక్కా, పెండ్లాన్ని మార్చుకొని రమ్మంటున్రా?” ఎంత చెప్పినా వినలేదు. కోపంగా ఎదురు లాడ్జికి పోయి చెరో గది తీసుకున్నారు.

యేసుమణి

తా.క. ఎదురు లాడ్జివాడు నిన్ను దీవిస్తున్నాడు.

మాదాపూర్

యేసుమణి గారికి,

భార్యాభర్తల తగవులు మన ఒప్పందంలో లేవు. చదవడం వచ్చినవాళ్లకు కాస్త అర్థం చేసుకోవడం కూడా రావాలి.

ఫణి

తా.క. నిన్న ఆ ఏడుగురి బ్రౌజర్‌కూ కొత్త వెర్షన్ వచ్చింది, మన సైటు దానికీ సరిపడటం లేదు. ఇప్పుడు ఆ సూచన పదిమందికీ కనబడుతుంది. ఇక మనుషుల మధ్య తేడా చూపించామన్న మాట రాదు.

పాల్మాకుల

ఫణికి,

ఇక నీ సైటు వద్దు. తుక్కుగూడ రోడ్డు మలుపులో పెయింటర్ శివయ్యతో గోడ మీద మా ఫోన్ నంబరు రాయించాను. గదులన్నీ నిండాయి. గోడ చూడటానికి కళ్లుంటే చాలు. అవి ఏ కంపెనీ కళ్లో ఎవరూ అడగరు.

యేసుమణి

తా.క. ఉపేందర్ దంపతులు తిరుగు ప్రయాణంలో మా దగ్గరే దిగారు. ఒకే గదిలో.

మాదాపూర్

గౌరవనీయులైన యేసుమణి గారికి,

మీ సైటు తీసేశాం. మొన్న మా యజమాని ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ మీ గోడ చూశారు. ఆఫీసుకు రాగానే తన ఫోన్‌లో మా కంపెనీ సైటు తెరిచారు. అది తెరుచుకోలేదు. ‘ఇచ్చట వెబ్‌సైట్లు చేయబడును’ అని మీ గోడ పక్కన రాయించమన్నారు. దయచేసి శివయ్య గారి నంబరు పంపగలరు.

విధేయుడు,
ఫణి

తా.క. గోడ మీద ఒకసారి రాస్తే ఎన్నేళ్లుంటుందో కూడా ఆయన్ని అడగండి. ఆయనకు తోడు మనిషి ఎవరైనా కావాలేమో కూడా.