తెర వెనక నుంచి జవాబు

చెల్లీ,

ఫోన్‌లో మాట్లాడే మొహం లేక ఈ ఉత్తరం మీ బావ చేతికిచ్చి పంపుతున్నాను.

నాకు బిడ్డ కావాలని, నీ అండాలు నాకివ్వడానికి నువ్వు పొట్టకి సూదులు పొడిపించుకున్నావు. రక్తపరీక్షలో నీ హార్మోన్ పెరిగిందన్నప్పుడల్లా, నీకేదో మంచి మార్కులొచ్చినట్టు అమ్మకి చెప్పి మురిసిపోయాను. మరీ అంత పెరిగితే నీకే ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. విన్నాను, విననట్టే ఊరుకున్నాను.

అండాలు తీసిన రోజు నర్సు బయటికి రాగానే నా నోట వచ్చిన మొదటి మాట, "ఎన్ని వచ్చాయి?" అని. ఆవిడ నోరు విప్పేలోపే తెర వెనక నుంచి, మత్తు వదలని గొంతుతో నువ్వే చెప్పావు. "పద్దెనిమిదట అక్కా. నాకేం కాలేదులే."

పొట్ట ఉబ్బిపోయి, పడుకోలేక గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నావని నిన్న మరిది చెప్పాడు. రేపు నేనొస్తాను. వంటా, పాప జడా నాకొదిలెయ్. నువ్వు లేవకు.

పిండాలు ఎలా ఉన్నాయో చెప్పడానికి పొద్దున ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేశారు. నీకు నయమయ్యేదాకా వాళ్ళ ఫోన్ ఎత్తనని రాద్దామనుకున్నాను. మొదటి రింగుకే ఎత్తాను.

అక్క