కొండలకి మామగారి పేరు

అమ్మస్సలిక్

ప్రియమైన కెటురా,

ఓడ రేపు బయల్దేరుతుందట, గబగబా రాస్తున్నాను. వేవిళ్ళు తగ్గాయా? మీ కొత్త ఊళ్ళో సీల్ మాంసం దొరుకుతోందా, బిస్కెట్లతోనే సరిపెట్టుకుంటున్నారా?

మన అమ్మస్సలిక్‌కి పటం గీసే డేనిష్ వాళ్ళు వచ్చారు. ఒడ్డున ఉన్న ఆ నల్లకొండల పేరేమిటని ఇంటింటికీ తిరిగి అడిగారు. ఎవరూ నోరు విప్పలేదు. మీ అన్నయ్యకి పెట్టింది ఆ కొండల పేరే కదా. వాడి పడవ అక్కడ తిరగబడ్డప్పటి నుంచీ ఆ మాట ఎవరూ పలకడం లేదు. పోయినవాళ్ళ పేరు ఇంకో బిడ్డకి పెట్టేదాకా పలకకూడదు కూడా. "ఇంత పెద్ద కొండలకి పేరే లేదా?" అని నవ్వి, వాళ్ళ పెద్ద తన మామగారి పేరు రాసుకున్నాడు.

పొగమంచు దిగితే మీ అన్నయ్య ఆ కొండల దగ్గర్నించి పిలుస్తున్నాడే. "అమ్మా, చలి" అంటాడు. మీ నాన్న వినలేదంటాడు గానీ ఆ పూట తిండి ముట్టడు. పుట్టేది ఆడైనా మగైనా వాడి పేరు పెట్టు.

మీ అమ్మ,
సలొమీన

స్కోర్స్‌బీసుండ్, మరుసటి వేసవి

ప్రియమైన అమ్మకి,

పాప పుట్టింది. కోప్పడకు, మార్తా అని పేరు పెట్టాం. నీళ్ళలో పోయినవాడి పేరు పసిదానికి పెట్టడానికి నాకు భయమేసింది. కానీ అది పాలు తాగలేదమ్మా. ఒకటే ఏడుపు. చిక్కి సగమైంది. క్రిస్మస్ వెళ్ళాక ఒకరోజు ఇక ఉండబట్టలేక, దాని చెవిలో అన్నయ్య పేరు పలికాను, "తులుగాక్" అని. ఠక్కున ఏడుపు ఆపి, అన్నయ్యలాగే ఓరగా చూసింది. ఆ తర్వాత ఆబగా తాగింది.

అత్తగారు విననే విన్నారు. "పిలువు, పిలువు. ఎవరొచ్చినా సరే, పాలు తాగితే చాలు" అన్నారు. ఇప్పుడు అందరం అలాగే పిలుస్తున్నాం.

నీ కూతురు,
కెటురా

అమ్మస్సలిక్

నా తండ్రీ తులుగాక్,

ఈ ఉత్తరం నీకే. కెటురా చదివి వినిపిస్తుంది. అది నీకు అమ్మే, చెల్లెలు కూడా.

నువ్వు ఈ కొండలు వదిలి కెటురా దగ్గరికి వెళ్ళిపోయావని ఉత్తరం రాకముందే తెలిసింది. క్రిస్మస్ తర్వాత ఏ మంచులోనూ నువ్వు పిలవలేదు. పటం వాళ్ళు మళ్ళీ వస్తే నేనే వెళ్ళి, కొండల పేరు తులుగాక్ అని చెప్పాను. "పటం అచ్చయిపోయిందమ్మా" అన్నారు.

నిన్న పొగమంచు నీళ్ళదాకా దిగింది. మీ నాన్న నన్ను పడవలో కొండల కిందికి తీసుకెళ్ళాడు. నీ పేరు పెట్టి గట్టిగా పిలిచాను. మళ్ళీ పిలిచాను. ఏ బదులూ లేదు. నీ పిలుపు ఆగిపోవాలనే కదా ఇన్నాళ్ళూ కోరుకున్నాను. అయినా చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

చీకటి పడింది. మీ నాన్న తెడ్డు ఎత్తలేదు. నేనూ వెళ్దామనలేదు.

నీ అమ్మ