మొండితోకల రిజిస్టర్

మార్చి 3
పిల్లుల సంఘం నుంచి ఉత్తరం. మా పిండిమిల్లు మొండితోక పిల్లుల్ని జాతిగా గుర్తిస్తారట. మూడు తరాల రికార్డు ఉండాలి. చూడ్డానికొచ్చే సంఘం జడ్జి ముందు టేబుల్ మీద పిల్లి కదలకూడదు, కరవకూడదు. రికార్డుంది. తాత మొదలుపెట్టిన రిజిస్టర్ ఇప్పుడు నేను రాస్తున్నాను. ఊరుకోవడం మాత్రం మా పిల్లులకు రాదు. తాత కరిచేవాటినే ఏరి పెంచాడు. మూడో నెలలో పిల్లనీ బతికున్న ఎలుకనీ ఒకే డ్రమ్ములో వేసి మూత పెట్టేవాడు. పిల్ల గెలిస్తే రిజిస్టర్ ఎక్కేది.

మార్చి 9
అన్నయ్య డ్రమ్ము మానేశాడు. తోలు గ్లవ్ తొడుక్కుని ఒక్కో పిల్లనీ టేబుల్ మీద అణిచిపెడుతున్నాడు. కరిస్తే గోడకేసి కొడుతున్నాడు. ఇవాళ నాలుగు చచ్చాయి. కరవని పిల్లిని ఏం చేసుకుంటావు, తలకింద పెట్టుకుంటావా అంది వదిన. నువ్వూ కరుస్తున్నావే, గోడ దగ్గరే ఉంది అన్నాడు.
జబ్బు అని రాయమన్నాడు. కారణం గడిలో ‘గోడ’ అని రాశాను. జడ్జి చదివితే ఈ పని ఆగుతుంది.

మార్చి 10
రెండు. గోడ, గోడ.

ఏప్రిల్ 16
పెద్దది, అంటే ముసలి తల్లిపిల్లి, కూడా కరుస్తుంది. మిగిలినవన్నీ దాని సంతానమే. జడ్జికి అది కనిపించకపోతే రికార్డు నిలవదు. అందుకే బతికుంది. నన్ను మాత్రం కరవదు.

ఏప్రిల్ 28
జడ్జి వచ్చాడు. రిజిస్టర్ పేజీ వదలకుండా చదివాడు. గోడ అంటే ఏమిటన్నాడు. అన్నయ్య నా కాలు తొక్కాడు. అయినా చెప్పాను. జడ్జి కళ్లజోడు తుడుచుకుని, ఇంత నికార్సుగా ఏరినవాళ్లని నా సర్వీసులో చూడలేదమ్మా అన్నాడు.
తర్వాత పెద్దదాని మీద చెయ్యి వేశాడు. అది చీరేసింది. కట్టు కట్టించుకుంటూ, దీన్ని తీసేయండి, మిగతాది నేను చూసుకుంటాను అన్నాడు.
జీపు మలుపు తిరగకముందే అన్నయ్య పార అందుకున్నాడు. అడ్డం వెళ్లాను. మోచేత్తో మూతి మీద కొట్టాడు. ముందు పన్ను ఊడింది. ఏమే గుమస్తా, ఇదీ రాసుకో అన్నాడు. పిల్లి దూరిన బస్తాల సందులోకి కుడిచెయ్యి పెట్టాడు. అది గ్లవ్‌తో సహా బొటనవేలు పట్టేసింది. ఎడంచేత్తో పార ఎత్తి పదకొండు దెబ్బలు. చచ్చాక దవడ ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ తేవలసి వచ్చింది.

మే 7
సర్టిఫికెట్ వచ్చింది. స్వభావం: సాధు. సంతకం చేసి ఒక కాపీ తిప్పి పంపాలట. అన్నయ్య పెన్ను పట్టలేడు, చీము పట్టిన బొటనవేలు నిన్న తీసేశారు. నన్ను పెట్టమన్నాడు.
పెన్ను మూత తియ్యకుండా, పన్ను పోయిన చోట నాలుక ఆడిస్తూ కూర్చున్నాను.